రిజిస్టర్‌లో లేని రోగికి బడ్జెట్‌లో వాటా ఎంత?

మీరు మూడు విషయాలు అడిగారు. ఆరోగ్య బడ్జెట్‌ను తలకు ఇంత అని అన్ని ప్రాంతాలకూ సమానంగా పంచితే సరిపోదా? ఎక్కువ పన్ను కట్టే ప్రాంతం, కష్టపడి జబ్బులు తగ్గించుకున్న ప్రాంతం నష్టపోవడం అన్యాయం కాదా? వెనుకబడిన ప్రాంతాలు ఇచ్చిన డబ్బునే ఖర్చు పెట్టలేక వెనక్కి పంపుతుంటే, ఇంకా ఇవ్వడం దేనికి?

ఇరవై ఏళ్లకు పైగా ఆరోగ్య ప్రణాళిక విభాగంలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నా పని ఈ పంపకాల లెక్కలే. మీ మూడో ప్రశ్నను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అడిగాను, మీకంటే గట్టిగానే. తర్వాత ఊళ్లు తిరిగి చూశాక అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో కూడా చెప్పాలి కాబట్టి సమాధానం కాస్త పొడుగవుతుంది.

తలసరి సమానంగా ఇవ్వాలా, అవసరాన్ని బట్టి ఇవ్వాలా అని మనం వాదించుకుంటాం. కానీ చాలా దేశాల్లో చాలాకాలం నడిచింది ఈ రెండూ కాదు. పోయినేడాది ఎంత ఇచ్చారో దానికి కొంత శాతం కలిపి ఈ ఏడాది ఇవ్వడమే పద్ధతి. నా మొదటి బడ్జెట్ సీజన్‌లో నా ముందు పెట్టిన షీట్ నాకింకా గుర్తుంది. ఎడమవైపు ప్రాంతాల పేర్లు, పక్కన పోయినేడాది కేటాయింపు, ఆ పక్కన పెంపు శాతం. అంతే. జనాభా కాలమ్ లేదు. ఎంతమంది పసిపిల్లలు చనిపోయారన్న కాలమ్ లేదు. ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు, అసలు అక్కడ ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. పాత ఆసుపత్రి ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోతోంది, అంతే. పాత ఆసుపత్రులేమో ఒకప్పుడు డబ్బు, పలుకుబడి ఉన్నచోట కట్టినవి. అందరికీ ఒకే శాతం పెంపు ఇస్తే చూడటానికి సమానంగానే ఉంటుంది. కానీ వందకు పది శాతం పది, యాభైకి పది శాతం అయిదు. ఏటా తేడా పెరుగుతూనే పోతుంది.

దీనికి అందరికంటే బాగా తెలిసిన ఉదాహరణ ఇంగ్లండ్. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఆసుపత్రులను ఎక్కడున్నవి అక్కడే ప్రభుత్వం తీసుకుంది. వైద్యం అందరికీ ఉచితమైంది గానీ ఆసుపత్రుల పటం మారలేదు. లండన్ చుట్టుపక్కల పెద్ద బోధనాసుపత్రులు, ఉత్తరాన పారిశ్రామిక పట్టణాల్లో అరకొర సదుపాయాలు. వేల్స్‌లో గనుల ఊళ్లో డాక్టరుగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. మంచి వైద్యం దొరకడం, దాని అవసరం ఉండటం ఒకదానికొకటి ఎదురు దిశలో నడుస్తాయని, ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే వైద్యం తక్కువని అందులో చెప్పారు. జాతీయ ఆరోగ్య సేవ మొదలై 20 ఏళ్లు దాటాక కూడా పరిస్థితి అది.

ఆ తర్వాత రిసోర్స్ అలొకేషన్ వర్కింగ్ పార్టీ అనే బృందం 1976లో ఒక ఫార్ములా ఇచ్చింది. మొదట ప్రాంతపు జనాభా తీసుకోవాలి. వయసు, ఆడామగా లెక్కను బట్టి దాన్ని సవరించాలి. చిన్నపిల్లలకు, ముసలివాళ్లకు వైద్యం ఎక్కువ కావాలి కదా. ఆపైన అదే వయసువాళ్లు దేశ సగటు కంటే అక్కడ ఎక్కువగా చనిపోతున్నారా తక్కువగానా అని చూసి మళ్లీ సవరించాలి. అలా వచ్చిన అంకె ఆ ప్రాంతపు లక్ష్య వాటా. ఇప్పుడు అందుతున్నదానికీ లక్ష్యానికీ ఎంత దూరం ఉందో చూసి, ఏటా బడ్జెట్‌లో పెరిగే డబ్బును వెనకబడినవాళ్ల వైపు ఎక్కువగా మళ్లించాలి. బోధనాసుపత్రులకు వైద్య విద్యార్థుల వల్ల అయ్యే అదనపు ఖర్చును విడిగా ఇవ్వాలి, లేకపోతే ప్రతి పెద్ద ఆసుపత్రీ అదే సాకు చెబుతుంది.

ఈ ఫార్ములాలో లోపాలున్నాయి. మరణాల లెక్కలో కీళ్లనొప్పులు రావు, మానసిక రోగాలు రావు. ఎందుకంటే అవి ఏళ్ల తరబడి మనిషిని పీడిస్తాయి గానీ చాలాసార్లు చంపవు. లండన్ లోపల ఉన్న పేదవాడలు తమను 'ధనిక ప్రాంతం' కింద కలిపేశారని మొత్తుకున్నాయి. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ఎన్ని లోపాలున్నా, నా దృష్టిలో ఇది చేసిన పెద్ద మేలు ఒకటుంది. అంతవరకూ ఎవరికీ కనపడని తేడాను ఒక అంకెగా బల్లమీద పెట్టింది. అంకె కనపడితే వాదించవచ్చు. పోయినేడాది ప్లస్ ఇంత శాతం అన్న పద్ధతిలో వాదించడానికే ఏమీ దొరకదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పోయినేడాది లెక్కతో పోలిస్తే తలసరి సమానం ఎంతో మేలు, అందులో సందేహం లేదు. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించింది. అయినా కేంద్రం డబ్బు చాలాకాలం చేసిన సేవలకు పెట్టిన బిల్లుల ప్రకారమే పోయేది. ఆసుపత్రులు ఉన్నచోటే బిల్లులు వస్తాయి, బిల్లులు వచ్చినచోటికే డబ్బు పోతుంది. 1998లో ప్రాథమిక వైద్యం కోసం ప్రతి మునిసిపాలిటీకి తలకు ఏడాదికి కనీసం 10 రియాల్ (అక్కడి కరెన్సీ) అని నేరుగా పంపడం మొదలుపెట్టారు. అంతకుముందు కేంద్రం నుంచి దాదాపు ఏమీ అందని చిన్న ఊళ్లకు కూడా అప్పుడు ఖాతాలో డబ్బు పడింది. మొదటి అడుగుగా ఇది చాలా మంచి అడుగు.

కానీ అక్కడే ఆగిపోతే చాలదు. ఎందుకు చాలదో నాకు అర్థమైంది లెక్కల్లో కాదు, ఒక టీకా సీసా దగ్గర.

కొండమీద పదిహేను ఇళ్ల ఊరు. జీపు దారి కింద ఆగిపోయింది. అక్కడినుంచి నర్సమ్మ భుజాన టీకా పెట్టె వేసుకుని రెండు గంటలు నడిచింది, నేను ఆమె వెనకాల. పెట్టెలో నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో సీసాలు. పైకి వెళ్లేసరికి తట్టు టీకా వేయాల్సిన పిల్లలు ముగ్గురే ఉన్నారు. సీసాలో పది డోసులు. తట్టు టీకా పొడి రూపంలో ఉంటుంది, నీళ్లు కలిపాక ఆరు గంటలు కాగానే గానీ ఆ రోజు సెషన్ ముగియగానే గానీ, ఏది ముందైతే అప్పుడు, మిగిలింది పారేయాలి. అంటే ముగ్గురికి వేస్తే ఏడు డోసులు నేలపాలు. ఆమె సీసా చేతిలో పట్టుకుని కాసేపు అలా నిలబడింది. "సార్, దీన్ని తెరిస్తే కింద వేస్టేజీ ఎందుకింత అని అడుగుతారు. తెరవకపోతే వీళ్లకి మళ్లీ నెల దాకా లేదు" అంది. ఆమె ఆరోగ్య కేంద్రానికి టీకాలు వచ్చేది జనాభా లెక్కన. వృథా కింద అనుమతించేది అందరికీ ఒకే శాతం. పట్నంలో ఒక పూటలో అరవైమంది పిల్లలు వరసగా వస్తారు, అక్కడ ఆ శాతం సరిపోతుంది. ఇక్కడ అదే రూలు ఆ ముగ్గురు పిల్లల టీకాకు అడ్డుపడుతోంది.

ఆ రోజు ఆమె సీసా తెరిచింది. తెరవడమే సరైన పని. ఒక్క పిల్లవాడున్నా సీసా తెరవాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. అయిదు డోసుల సీసాలూ ఉన్నాయి. డోసుకు ఖరీదు కొంచెం ఎక్కువ పడుతుంది గానీ ఇలాంటి ఊళ్లకు అవే సరైనవి. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఇద్దరు పిల్లలకు ఒకే రక్షణ అందాలంటే ఇద్దరిమీదా ఒకే ఖర్చు అవ్వదు. దూరం, ఎత్తు, విసిరేసినట్టు ఉన్న ఇళ్లు, వీటన్నిటికీ ఖరీదు ఉంది. భారతదేశంలో ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 అని నిబంధన పెట్టింది ఇందుకే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే 30,000, 20,000. సమానత్వాన్ని తలల్లో కాకుండా చేరిన సేవలో కొలిస్తే నిబంధనలు ఇలాగే ఉంటాయి.

సరే, అవసరాన్ని బట్టి పంచుదాం అనుకున్నాం. అవసరాన్ని దేనితో కొలుస్తాం? మంచి ఉద్దేశంతో మొదలైన ఫార్ములాలు కూడా ఎక్కువగా ఇక్కడే తప్పు చేస్తాయి కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

అందరికీ తేలిగ్గా తోచే కొలత ఆసుపత్రికి వచ్చినవాళ్ల సంఖ్య. ఓపీ ఎంత, అడ్మిషన్లెన్ని, ఆపరేషన్లెన్ని. ఈ అంకెలు చేతిలో రెడీగా ఉంటాయి, నెలనెలా వస్తాయి. ఒకసారి రెండు జిల్లాల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో బీపీ, షుగర్ రోగులు పేజీలకు పేజీలు. రెండోదాంట్లో వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. రెండో జిల్లాలో జనం ఆరోగ్యంగా ఉన్నారని మా ఆఫీసులో ఒకరు నోట్ కూడా రాశారు. వెళ్లి చూస్తే అక్కడ బీపీ మిషన్ పాడై చాలాకాలమైంది. కొలిచేవాళ్లు లేరు, మాత్రలు లేవు, కాబట్టి ఎవరూ రావడం లేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్లు మాత్రం ఊరూరా ఉన్నారు. వాళ్లెవరి పేరూ ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఆ నోట్ ప్రకారం డబ్బు పంచి ఉంటే వాళ్లకు వైద్యం లేకపోవడమే వాళ్లకు వైద్యం అక్కర్లేదనడానికి రుజువు అయ్యేది.

ఇది పాత కాగితపు రిజిస్టర్లతోనే పోయే జబ్బు కూడా కాదు. అమెరికాలో అదనపు వైద్య సహాయం ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఆసుపత్రులు విరివిగా వాడే ఒక సాఫ్ట్‌వేర్‌ను పరిశోధకులు పరీక్షించి 2019లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. అది రోగి మీద అయ్యే ఖర్చును అవసరానికి గుర్తుగా తీసుకుని ఒక్కొక్కరికి స్కోరు ఇచ్చింది. నల్లజాతివాళ్లకు అంతకుముందు నుంచే వైద్యం తక్కువ అందింది కాబట్టి వాళ్ల మీద ఖర్చు తక్కువ. దాంతో అంతే స్కోరు వచ్చిన తెల్లవాళ్లకంటే వాళ్లు ఎక్కువ జబ్బుతో ఉన్నా మెషీన్‌కు కనపడలేదు. ఆ తప్పు సరిదిద్దితే అదనపు సహాయం పొందేవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. ఖర్చును అవసరంగా పొరబడితే జరిగేది ఇదే, మనుషుల మధ్య అయినా ప్రాంతాల మధ్య అయినా.

అందుకే ఆసుపత్రికి రాకపోయినా కనపడే గుర్తులు వెతకాలి. పసిపిల్లల మరణాలు, ప్రసవంలో తల్లుల మరణాలు, డెబ్భై ఏళ్లలోపు మరణాలు, పేదరికం, తాగునీరు, ఇంటింటి సర్వేలో తేలే బీపీ, రక్తహీనత. ఇందులోనూ ఒక చిక్కుంది. వెనుకబడిన ప్రాంతంలో మరణాలు కూడా సరిగ్గా నమోదు కావు. పుట్టిన మూడో రోజు ఇంట్లోనే పోయిన బిడ్డకు జనన నమోదూ ఉండదు, మరణ నమోదూ ఉండదు. అందువల్ల నమోదు సరిగ్గా లేనిచోట ఆఫీసు లెక్కను పక్కన పెట్టి సర్వే లెక్క వాడాలి. 'మరణాలు సున్నా' అని ఏ జిల్లా నుంచి వచ్చినా నాకు సంతోషం కంటే ముందు టెన్షన్ వచ్చేది.

పన్నుల మాటకొద్దాం. ఎక్కువ కట్టేవాళ్లకు ఎక్కువ రావాలన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ పన్ను ఎక్కడ నమోదవుతుందో, జబ్బు ఎక్కడ పడుతుందో ఒకసారి చూడండి. కంపెనీ ఫ్యాక్టరీ ఒకచోట, హెడ్డాఫీసు మరోచోట ఉంటే లాభాల మీద పన్ను హెడ్డాఫీసు ఉన్న ఊరి లెక్కలో కనిపించవచ్చు. వెనుకబడిన ప్రాంతం నుంచి ఇరవై ఏళ్ల కుర్రాడు పట్నం వెళ్తాడు. వాడి చిన్నప్పటి టీకాల ఖర్చు సొంత ప్రాంతానిది. వాడి పనిచేసే వయసు, పన్ను పట్నానివి. రాళ్ల క్వారీలో పనిచేస్తే పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ బయటపడటానికి సాధారణంగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి వాడు పని చేయలేక సొంతూరికి తిరిగి వచ్చేసి ఉంటాడు. వాడి దగ్గు అక్కడి చిన్న ఆసుపత్రిది. ఊళ్లో మిగిలిన ముసలి తల్లిదండ్రుల వైద్యమూ దానిదే. కాబట్టి పన్ను కట్టిన ప్రాంతం, జబ్బును మోసే ప్రాంతం అని గీత గీసి విడదీస్తే లెక్క తప్పుతుంది.

కేంద్రం, ప్రాంతాలు కలిసి ఖర్చు పెట్టే పథకాల్లోనూ ఇదే చిక్కు. 'నువ్వు కొంత పెడితే నేను కొంత పెడతాను' అంటే పేద ప్రాంతం తన వాటా పెట్టలేదు, కేంద్రం వాటా కూడా పోగొట్టుకుంటుంది. అమెరికాలో పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో దీన్ని సరిదిద్దడానికి, రాష్ట్ర తలసరి ఆదాయం తక్కువైనకొద్దీ కేంద్రం వాటా పెరిగేలా ఫార్ములా పెట్టారు. కనిష్ఠం 50 శాతం, చట్టం ప్రకారం గరిష్ఠం 83 శాతం. అయినా సొంత డబ్బు ఎక్కువ పెట్టగల ధనిక రాష్ట్రం, శాతం తక్కువైనా మొత్తంగా ఎక్కువ తెచ్చుకోగలదు. వాటా శాతం ఎంత మార్చినా, పేద ప్రాంతం ముందుగా కొంత పెట్టాలన్న షరతు ఉన్నంతకాలం ఈ తేడా పూర్తిగా పోదు.

బాగా పనిచేసిన ప్రాంతానికి శిక్ష పడకూడదన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పసిపిల్లల మరణాలు తగ్గించారు కాబట్టి మీ డబ్బు కోస్తాం అంటే ఏ అధికారికి మనసొప్పుతుంది? కానీ జబ్బులు తగ్గితే అవసరం తగ్గిపోతుందనుకోవడమే పొరపాటు. బతికిన పిల్లలు పెద్దవాళ్లవుతారు, షుగర్, గుండెజబ్బు, క్యాన్సర్, వృద్ధాప్యం వస్తాయి. వయసును సరిగ్గా లెక్కలోకి తీసుకునే ఫార్ములాలో ఆ ప్రాంతానికి ఆ మేరకు వాటా దక్కుతుంది. ఉన్నది ఒక్కసారిగా కోయకుండా, పెరిగే డబ్బులో మాత్రమే తేడా చూపించాలి. జీతాలు ఇవ్వాల్సిన నర్సులు అక్కడా ఉన్నారు కదా. మంచి పనికి బహుమతి ఇవ్వాలనుకుంటే ప్రధాన వాటాతో కలపకుండా వేరే చిన్న నిధి పెట్టాలి. ఆ బహుమతిని ఆ ప్రాంతం పంపే రిపోర్టు చూసి ఇవ్వకూడదు. రిపోర్టుకు డబ్బు కడితే మొదట మెరుగుపడేది రిపోర్టే.

ఇక మూడో ప్రశ్న, డబ్బు వెనక్కి రావడం. నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఇది.

ఒక వెనుకబడిన జిల్లా మూడేళ్లు వరసగా మూడో వంతు డబ్బు వెనక్కి పంపింది. నాలుగో ఏడాది వాళ్లకు కోత పెడుతూ ఫైలు తయారుచేసింది నేనే. సంతకానికి పంపే ముందు ఎందుకో ఒకసారి వెళ్లి చూద్దామనిపించింది. అకౌంట్స్ గదిలో మూడు కుర్చీలు, ఒకే మనిషి. మిగతా రెండు పోస్టులు ఖాళీ. మొదటి విడత ఎలా ఖర్చు చేశారో వినియోగ పత్రం (యూసీ) పంపితే తప్ప రెండో విడత రాదు. నలుగురు అకౌంటెంట్లున్న జిల్లా ఆ యూసీని వారంలో పంపేస్తుంది. ఈ ఒక్క మనిషికి మూడు నెలలు పట్టింది. ఆయన చేతకానివాడు కాదు, నలభై ఆరోగ్య కేంద్రాల బిల్లులు ఒక్కడే చూస్తున్నాడు. రెండో విడత ఆర్థిక సంవత్సరం ఇంకో ఆరు వారాల్లో ముగుస్తుందనగా వచ్చింది. ఆరు వారాల్లో టెండరు పిలవాలి, పని చేయించాలి, బిల్లు చెల్లించాలి. అంత దూరం వచ్చి చిన్న పని చేయడానికి కాంట్రాక్టరు ఎవరూ టెండరు వేయలేదు. ఎక్స్‌రే మిషన్‌కు డబ్బుంది, దాన్ని నడిపే కరెంటు లైనుకు లేదు, ఆ హెడ్ (బడ్జెట్ పద్దు) వేరే. మార్చడానికి జిల్లాకు అధికారం లేదు.

ఆ జిల్లాకు డబ్బు అక్కర్లేక వెనక్కి పంపలేదు. ఖర్చుపెట్టే శక్తి కూడా పంచాల్సిన వనరే, దాన్ని మేం పంచలేదు. ఆ ఫైలు ఆపి, రెండు అకౌంట్స్ పోస్టులు, ఒక ఇంజినీరు, ఏడాది మొదట్లోనే మొదటి విడత, హెడ్లు మార్చుకునే కొద్దిపాటి అధికారం అడుగుతూ ఇంకో ఫైలు పెట్టాను. అన్నీ రాలేదు. అకౌంటెంట్లు ఇద్దరూ వచ్చారు. మరుసటి ఏడాది వెనక్కి వచ్చిన మొత్తం చాలా తగ్గింది. అంతకుముందు మూడేళ్లు మేం ఆ జిల్లాను 'చేతకాని జిల్లా' అన్నాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

డబ్బు కంటే కష్టంగా కదిలేది మనుషులు. ఆరోగ్య బడ్జెట్‌లో పెద్ద భాగం జీతాలే. డాక్టరు లేకపోతే ఆ డబ్బు కాగితం మీదే ఉండిపోతుంది. థాయ్‌లాండ్ అనుభవం ఇక్కడ తెలుసుకోదగ్గది. అక్కడ 1970ల నుంచి ప్రభుత్వ వైద్య పట్టభద్రులు గ్రామీణ సేవ చేయడం తప్పనిసరి. 1980ల్లో కొన్నేళ్లపాటు పట్టణాల పెద్ద ఆసుపత్రుల్లో కొత్త పెట్టుబడులు ఆపేసి, ఆ డబ్బు జిల్లా ఆసుపత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు పెట్టారు. పట్నంలో కొత్త బిల్డింగ్ ఆపడానికి ఎంత రాజకీయ ధైర్యం కావాలో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. తర్వాత అందరికీ వైద్యం పథకం 2002 నాటికి దేశమంతా వచ్చినప్పుడు, ఆ డబ్బును వాడుకోగల ఆసుపత్రులు ఊళ్లలో అప్పటికే ఉన్నాయి. అక్కడా ఒక ఎదురుదెబ్బ తగిలింది. మొదట్లో జీతాలను కూడా కలిపి తలసరి లెక్కన పంచాలని చూశారు. సిబ్బంది ఎక్కువున్న ఆసుపత్రులకు ఒక్కసారిగా జీతాలకే కటకట వచ్చింది, గట్టి ప్రతిఘటన వచ్చింది, చివరకు జీతాలను విడదీసి ఇవ్వాల్సివచ్చింది. న్యాయమైన వాటాకు ఒక్క గంతులో చేరుకోవాలని చూస్తే జరిగేది ఇదే.

బయటివాళ్లతో నింపితే ఎంతకాలం? బ్రెజిల్ 2013లో డాక్టర్లు లేని ఊళ్లకోసం పెట్టిన పథకంలో వేలమంది క్యూబా డాక్టర్లు వచ్చారు. వాళ్లు చేసిన సేవ గొప్పది. 2018 చివర్లో క్యూబాకూ బ్రెజిల్‌లో కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడికీ మధ్య తేడా వచ్చి 8,000 మందికి పైగా ఒక్కసారి పథకం నుంచి తప్పుకుంటే ఆ ఊళ్లు మళ్లీ ఖాళీ. జపాన్ వేరే దారి పట్టింది. 1972లో జిచి వైద్య విశ్వవిద్యాలయం పెట్టి ప్రతి ప్రిఫెక్చర్ (రాష్ట్రంలాంటి పాలనా ప్రాంతం) నుంచి ఇద్దరు ముగ్గురిని తీసుకుంటారు. సొంత ప్రిఫెక్చర్‌లో తొమ్మిదేళ్లు పనిచేస్తే చదువు ఖర్చు కట్టక్కర్లేదు. గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులు గ్రామాల్లో నిలబడే అవకాశం ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. నన్నడిగితే, డాక్టర్ల పంపకం ట్రాన్స్‌ఫర్ ఆర్డరుతో కాదు, మెడికల్ సీటు ఎవరికి ఇస్తున్నామో అక్కడ మొదలవుతుంది.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. న్యాయం అంటే ప్రతి ఊళ్లో ప్రతి సదుపాయమూ కాదు. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్‌కు రేడియేషన్ వంటివి కొన్నిచోట్లే ఉండాలి. ఎక్కువ కేసులు చేసిన చేతికే నైపుణ్యం వస్తుంది. అలాంటివాటిలో దూరపువాళ్లకు ఇవ్వాల్సింది బిల్డింగ్ కాదు, రానుపోను ఖర్చు, తోడుగా వచ్చినవాళ్లకు వసతి, నేరుగా పంపే ఏర్పాటు. ప్రసవం తర్వాత ఆగని రక్తస్రావం అలా కాదు, రెండు గంటల్లో ప్రాణం తీయగలదు. సిజేరియన్ వంటి అత్యవసర శస్త్రచికిత్సలు రెండు గంటల ప్రయాణంలో దొరకాలని లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2015లో లక్ష్యం పెట్టింది. ఏది దగ్గరుండాలో ఏది దూరంగా ఉన్నా ఫర్వాలేదో గడియారం చూసి తేల్చాలి.

పేద ప్రాంతానికి డబ్బు పంపి చేతులు దులుపుకోవడమూ కుదరదు. ఆ ప్రాంతానికీ ఒక ముఖ్యపట్టణం ఉంటుంది, అందులో ఒక పెద్దాసుపత్రి ఉంటుంది. వచ్చిన డబ్బంతా అది మింగేస్తే పైనుంచి చూసేవాళ్లకు పంపకం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అందుకని ఫార్ములా జిల్లా దాకా, వీలైతే దానికింది స్థాయి దాకా దిగాలి. కోవిడ్ సమయంలో కాలిఫోర్నియా 2021 మార్చిలో 40 శాతం టీకాలను జీవన పరిస్థితుల సూచీలో అన్నిటికంటే దిగువన ఉన్న పావు వంతు జనాభా పిన్‌కోడ్‌లకు కేటాయించింది. ఒకే రాష్ట్రం, ఒకే టీకా అయినా పిన్‌కోడ్ దాకా దిగితే తప్ప తేడా కనపడలేదు.

'ఇంతా చేస్తే ఫలితం ఉంటుందా' అని మీరు అడుగుతారు. ఇంగ్లండ్‌లో 2001 నుంచి 2011 వరకు పేద ప్రాంతాలకు అదనపు వాటా ఇచ్చిన కాలాన్ని పరిశీలించి 2014లో బీఎంజే వైద్య పత్రికలో వేసిన అధ్యయనం ఉంది. వైద్యంతో ఆపగలిగిన మరణాల్లో ధనిక, పేద ప్రాంతాల మధ్య తేడా ఆ కాలంలో తగ్గింది. పేద ప్రాంతాల్లో అదనంగా పెట్టిన ప్రతి కోటి పౌండ్లకు మగవాళ్లలో లక్షకు నాలుగు మరణాలు తగ్గడంతో సంబంధం కనిపించింది. అదే డబ్బు ధనిక ప్రాంతాల్లో పెట్టినప్పుడు అంత తేడా రాలేదు.

మీరు మీ దేశపు బడ్జెట్ పత్రాలు చూడాలనుకుంటే మొత్తం కేటాయింపు దగ్గర ఆగకండి. మొదటి విడత ఏ నెలలో విడుదలైందో చూడండి. ఏ ప్రాంతంలో ఎన్ని నర్సు పోస్టులు, ఎన్ని అకౌంట్స్ పోస్టులు ఖాళీగా ఉన్నాయో చూడండి. అవసరానికి గుర్తుగా ఏ అంకె తీసుకున్నారో, అది ఆసుపత్రికి వచ్చినవాళ్ల అంకెనో, ఇంటికి వెళ్లి తెచ్చిన అంకెనో అడగండి. ఆ జిల్లాలో జనన మరణాల నమోదు ఎంత శాతం ఉందో కనుక్కోండి. అది తక్కువగా ఉంటే మిగతా కాలమ్‌లన్నీ పెన్సిల్‌తో రాసుకోండి, సర్వే లెక్క వచ్చాక దిద్దుకోవాల్సి ఉంటుంది.